గమ్మునుంటే ఒప్పుకున్నట్టా?

దేశదేశాల ప్రతినిధులు కూర్చున్న సమావేశానికి పప్పుగుత్తి సరఫరా చేసిన రెవెన్యూ ఉద్యోగి ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. నేనైతే చేశాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ప్రొద్దుటూరులో మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏది?" అని అడుగుతారు. కడప జిల్లాలో ఇన్నేళ్లు పనిచేసిన మనిషి దగ్గర బాంబుల కథ ఒకటైనా ఉండకపోదని వాళ్ల ఆశ. నా దగ్గర ఉన్నది పప్పుగుత్తి కథ. ఇష్టమున్నవాళ్లు వినండి, లేనివాళ్లు కాఫీ తాగి వెళ్లండి, నేనేమీ అనుకోను.

రాష్ట్రం విడిపోయాక జరిగిన సంగతి ఇది. నేను జమ్మలమడుగులో డిప్యూటీ తహసీల్దారుగా ఉన్నాను, రిటైర్మెంటు దగ్గర పడుతోంది. ఒక రోజు పై నుంచి ఫోన్. అభివృద్ధి చెందుతున్న కొన్ని దేశాల ప్రతినిధులు మన వైపు వస్తున్నారు, ఏర్పాట్లు చూడాలి అని. సంగతేమిటని అడిగితే, "పెద్ద చర్చలకు ముందు చిన్న చర్చలు" అన్నారు. ఇంకా అడిగితే విసుక్కున్నారు. నాకేమో చిన్నప్పటి నుంచి ఒక జబ్బు, పూర్తిగా తెలిసేదాకా నిద్ర పట్టదు.

వాళ్లనూ వీళ్లనూ అడిగి రాబట్టిన విషయం ఇది. బీద దేశాల్లో బళ్లకు, ఆసుపత్రులకు, నీళ్ల పథకాలకు డబ్బు ఎక్కడి నుంచి రావాలి, ఏ షరతుల మీద రావాలి అని ప్రపంచ దేశాలన్నీ కలిసి మాట్లాడుకోబోతున్నాయి. ధనిక దేశాల ఎదుట కూర్చునే ముందు ఈ దేశాలు తమలో తాము ఒక మాట మీదికి రావాలి. అయితే ఆ మాట డబ్బు గురించి కాదు. చర్చ ఏ ఊర్లో జరగాలి, అధ్యక్షుడు ఎవరు, చిన్న గదిలో కూర్చుని కాగితం రాసేది ఎవరు, ఆ కాగితానికి అందరూ ఒప్పుకున్నట్టు ఎట్లా తేల్చాలి, ఇవీ వాళ్ల తగవులు. ఢిల్లీలో కూర్చున్నా తేలలేదట. మధ్యలో పల్లెలు చూపించాలని మా జిల్లాకు పంపారు. తగవు కూడా బస్సెక్కి వాళ్లతోనే వచ్చింది.

మా ఆఫీసులో అందరూ నవ్వారు. డబ్బు సంగతి వదిలేసి కుర్చీల గురించి కొట్లాడతారా అని. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా వైపు శంకుస్థాపన అంటే ఏమిటో నాకు తెలుసు. వేదిక మీద ఎవరి కుర్చీ ఎవరి పక్కన అనేది తేలడానికి రెండు రోజులు పట్టేది, రాయి వేయడానికి అరగంట. కుర్చీ తప్పితే పనే ఆగిపోయేది. ఈ దేశాలవాళ్లు మనవాళ్లలాగే ఉన్నారే అనుకుని, వాళ్లను చూడాలని తెగ ఉబలాటపడ్డాను.

పర్యటనకు ఇన్‌చార్జిగా జిల్లా నుంచి ఒక కుర్ర అధికారిని వేశారు. కోస్తా అబ్బాయి, చురుకైనవాడు, మంచివాడు కూడా. కాకపోతే ఏ పనైనా ఫోటోలో బాగా పడాలనే పట్టింపు ఎక్కువ. ముందుగా ఇద్దరం రాజుపాలెం వైపు ఒక పల్లెకు వెళ్లాం. అక్కడ బయటి అప్పుతో కట్టిన మంచినీళ్ల ప్లాంటు ఉంది. ప్రతినిధులకు దాన్ని చూపించాలి.

ఆ ఊరి సర్పంచి ఒక ఆడమనిషి. భూమీ పుట్రా ఉన్న ఇల్లు. అరుగు మీద మాట్లాడింది అంతా ఆమె భర్తే. ఆమె లోపలి నుంచి చెంబుతో మజ్జిగ తెచ్చి, మాకు గ్లాసుల్లో పోసి, గడప దగ్గర నిలబడింది. ప్లాంటు తాళంచెవి ఆమె బొడ్డున వేలాడుతోంది.

"ఆ రోజు పొద్దున నీళ్లు వదలకండి. ట్యాంకు నిండుగా ఉండాలి. వాళ్లు వచ్చాక వాళ్లలో పెద్దాయన చేత కొళాయి తిప్పిస్తాం. ఆడవాళ్లంతా బిందెలతో వరుసగా నిలబడితే బాగుంటుంది" అన్నాడు మా అధికారి.

"దానికేముంది సార్, అట్నే కానీండి" అన్నాడు భర్త. అని, ఒకసారి గడప వైపు చూశాడు. ఆమె ఏమీ అనలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది.

జీపెక్కాక మా అధికారి సంతోషంగా, "మౌనం అర్ధాంగీకారం" అన్నాడు. నేనూ తల ఊపాను.

ప్రతినిధులు వచ్చారు. ఆడవాళ్ల వెంట ఉండి చూసుకునేందుకు ఆడ లైజన్ ఆఫీసర్ ఉండాలని ఒక ద్వీప దేశం నుంచి వచ్చిన ఆమెను నాకు అప్పగించారు. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి, భుజాన కాగితాలతో బరువైన సంచి. మిగతా దేశాలవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి వస్తే, ఈమె ఒక్కతే వచ్చింది. మా ఎర్రకారం తిని కళ్లనీళ్లు పెట్టుకుంటూనే మళ్లీ వడ్డించమనేది. నా ఇంగ్లీషు ఆఫీసు ఫైళ్ల ఇంగ్లీషు, ఆమెది సముద్రపు యాస. అయినా మాకు బాగానే కుదిరింది. మీ దేశం ఎంత ఉంటుందని అడిగాను. ఆమె ప్రొద్దుటూరు ఎంత ఉంటుందని ఎదురడిగి, నేను చెప్పాక, "అయితే మీ ఊరే పెద్దది" అంది.

మొదటి రోజు పులివెందులలో మేం చీనీ అనే బత్తాయి తోటలు చూపించి, గండి గుడికి తీసుకువెళ్లాం. అందరూ స్వామి దర్శనానికి వెళ్లి, పాపఘ్ని నది ఒడ్డున ఫోటోలు దిగుతుంటే, ఈమె బస్సులోనే కూర్చుని కాగితాలు చదువుకుంటోంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. పక్కన కూర్చుని, అంతగా ఏముంది అందులో అని అడిగాను.

"మా చర్చల్లో ఒక పద్ధతి ఉంది. కాగితం అందరికీ పంపిస్తారు. చెప్పిన వేళ లోపల ఎవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే లెక్క" అంది.

"మంచిదే కదా, పని త్వరగా అవుతుంది" అన్నాను. ఆఫీసు బుద్ధి ఎక్కడికి పోతుంది?

"చదివేందుకు మనుషులున్న దేశాలకు మంచిదే. చర్చలు జరిగే ఊర్లో మా దేశం ఆఫీసులో ఉన్నది నేనూ, ఇంకొకాయన. ఒకేసారి నాలుగు గదుల్లో చర్చలు జరుగుతాయి, నాలుగు చోట్ల నుంచీ కాగితాలు వస్తాయి." సంచి మీద చెయ్యి పెట్టింది. "ఒకసారి అట్లాంటి కాగితం వచ్చిన రోజే మా దేశం మీద తుఫాను పడింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. సరే అనాలో కాదనాలో మా రాజధానిని అడగడానికి దారి లేదు. గడువు దాటిపోయింది. మా దేశం మౌనంగా ఉంది కాబట్టి ఒప్పుకుందని రాసుకున్నారు. మాలాంటి దేశాలకు తుఫాను తర్వాత ఇచ్చే సాయాన్ని తగ్గించే మాట ఆ కాగితంలోనే ఉంది. మా నాన్న ఊరు ఇప్పటికీ రేకుల కిందే ఉంది."

ఆమె మళ్లీ కాగితాలు విప్పింది. ఈసారి చర్చలకూ అదే నియమం రాస్తున్నారట. తీసేయమని ఢిల్లీలో ఎన్నిసార్లు అడిగినా, అది పద్ధతే కదా, అందరికీ ఒకటే కదా అని పక్కన పెట్టారట. ఆ ఒక్క వాక్యం మార్పించకుండా ఇంటికి పోతే ఏ మొహం పెట్టుకుని పోవాలి అన్నట్టుగా ఉంది ఆమె మాట.

మా జిల్లాకు వచ్చిన ఈ బృందానికి అధ్యక్షుడు ఒక పెద్ద దేశం నుంచి వచ్చిన పెద్దాయన. తెల్ల మీసాలు, నవ్వుముఖం. ఆమెను సొంత చెల్లెలిని పలకరించినట్టు పలకరించేవాడు. పలకరింపు వరకే, మాట మాత్రం చెవిన పెట్టేవాడు కాదు.

మరునాడు పల్లెకు వెళ్లాం. షామియానా వేశాం, ప్లాంటుకు కొత్త రంగు కొట్టించాం, కొళాయికి రిబ్బను కట్టాం. ఆడవాళ్లు నిలబడ్డారు గానీ, చేతుల్లో బిందెలు లేవు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. పెద్దాయన రిబ్బను కత్తిరించి, ఫోటోగ్రాఫరు వైపు తిరిగి నవ్వుతూ కొళాయి తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది. ఇంకొంచెం తిప్పాడు. ఇంకా గాలి వచ్చింది. చివరికి ఒక్క చుక్క రాలి ఆయన బూటు మీద పడింది.

మా అధికారి ముఖం కందగడ్డ అయింది. నేరుగా సర్పంచి దగ్గరికి వెళ్లాడు.

"నీళ్లు ఏమయ్యాయమ్మా?"

"పొద్దున్నే వదిలినాం గదా సార్. అందరూ పట్టకపోయినారు. ట్యాంకు మళ్లా నిండాలంటే సాయంత్రం అయితాది."

"వదలొద్దని ఆ రోజే చెప్పాం కదా! మీరు ఒప్పుకున్నారు కదా!"

"నేనెప్పుడు ఒప్పుకుంటి? నేనేం మాట్లాడలేదే."

"మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే కదా?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "యా ఊర్లో సార్?"

ఆడవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. ఒక ముసలామె ముందుకొచ్చి, "మా ఊర్లో ఈ యక్క గమ్మునుండాదంటే ఆ పని కాదనే లెక్క నాయనా. చిన్నపిల్లోళ్లకు గూడా తెలుసు" అంది. మా అధికారి భర్త వైపు తిరిగాడు. ఆయన తలపాగా సర్దుకుంటూ, "నేనేమో అట్నే కానీండంటి. ఆమె గమ్మునుంటే నేను మాత్రం ఏం జేసేది సార్? మీరు గూడా జూస్తిరి గదా" అన్నాడు. ఆయనకు ఆ రోజే తెలుసన్నమాట. మాకు చెప్పి మా మనసు కష్టపెట్టడం ఎందుకని ఊరుకున్నాడు.

ఈలోగా పెద్దాయన నన్ను పిలిచాడు, ఏం జరుగుతోందో చెప్పమని. దాచిపెట్టమన్నట్టు మా అధికారి కళ్లతో సైగ చేశాడు. కానీ బూటు మీద చుక్క పడ్డాక ఇంకా దాచేదేముంది? ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు, చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ద్వీపం ఆమె మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, "మళ్లీ చెప్పండి" అంది. మళ్లీ చెప్పాను.

"కాదని అప్పుడే ఎందుకు చెప్పలేదో ఆమెను అడగండి" అంది.

అడిగాను. సర్పంచి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందక్కా అట్లడుగుతావు? నువ్వు ఈ పక్కదానివే గదా. ఇంటికొచ్చినోళ్లను, అందులోనూ ఆఫీసర్లను, ముఖం మింద కాదంటామా? మజ్జిగిచ్చినా, గమ్మునున్నా. తెలుసుకునేది మీరు. పొద్దున నీళ్లు ఆపితే ఆడోళ్లు కూలికి యాడ పోతారు? పిల్లోళ్లు బడికి ఏం తాగిపోతారు? మీ ఫోటో కోసరం ఊరు ఎండాల్నా?"

అదీ ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. సర్పంచి ఇంట్లోకి వెళ్లి బిందె తెచ్చి, వచ్చినవాళ్లందరికీ స్టీలు గ్లాసుల్లో నీళ్లు ఇచ్చింది. పెద్దాయన నిలబడే తాగాడు. తాగి, గ్లాసు ఆమె చేతికిస్తూ చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. ఏమనుకున్నాడో నాకు తెలియలేదు.

ఆ మరుసటి రోజు గండికోట దగ్గరి అతిథి గృహంలో ఆఖరి సమావేశం. ఆ పూట తేల్చుకుని, మధ్యాహ్నం లోయ చూసి, సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోవాలి. అధ్యక్షుడికి బల్ల మీద కొట్టే కొయ్య సుత్తి కావాలట. ఒక్కో అంశం తేలినప్పుడల్లా దానితో కొడతారు. ఢిల్లీ నుంచి తేవడం మరిచారు. మా అధికారి నా మీద కేకలేశాడు. నేను వంటింట్లోకి వెళ్లి పప్పుగుత్తి అడిగాను.

"ఇస్తా గానీ మేడమ్, పప్పు ఎనిపే టయానికి నాకియ్యాల. వాళ్ల మాటలు యాడ తెగుతాయో ఏమో" అన్నాడు వంటాయన. ఇప్పించే పూచీ నాదని చెప్పి తెచ్చాను. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద ఒక దెబ్బ వేసి, చప్పుడు బాగుందన్నాడు.

లైజన్ ఆఫీసర్లకు గోడ వారగా కుర్చీలు వేశారు. ప్రతి ప్రతినిధి వెనకా వాళ్ల దేశం మనిషి ఒకరు కూర్చున్నారు, కాగితాలు అందించడానికి. ద్వీపం ఆమె వెనక కుర్చీ ఖాళీ. ఆమె వెనక్కి తిరిగి నన్ను రమ్మన్నట్టు చూసింది. అది పద్ధతి కాదని నాకు తెలుసు. అయినా వెళ్లి కూర్చున్నాను. మా అధికారి కళ్లెర్ర చేశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

పెద్దాయన ఒక్కొక్కటే చదివాడు. చర్చలు జరిగే ఊరు. అభ్యంతరం లేదు, పప్పుగుత్తి దెబ్బ. అధ్యక్ష స్థానం వంతులవారీగా. కాస్త గొణుగుడు, తర్వాత దెబ్బ. చిన్న గదిలో ఎవరెవరు అన్నదాని మీద చాలాసేపు వాదులాడుకుని, అదీ దెబ్బ వేసి ముగించారు. ఇక ఆఖరిది, గడువులోపల కాదనని దేశం ఒప్పుకున్నట్టే అన్న నియమం.

"దీని మీద అభ్యంతరాలు ఉన్నాయా?"

నేను ముందుకు వంగాను, ఆమె ఇప్పుడు లేచి మాట్లాడుతుందని. ఆమె కలం మూతపెట్టి బల్ల మీద ఉంచింది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. పెద్దాయన కళ్లలోకి సూటిగా చూస్తూ గమ్మున కూర్చుంది.

ఆమె పక్కన సముద్రం మొహం ఎరగని ఒక కొండల దేశం ఆయన ఉన్నాడు. నిన్న పల్లెలో రెండు గ్లాసులు నీళ్లు అడిగి తాగింది ఆయనే. ఆయనా కలం కింద పెట్టాడు. ఆ చివరన ఇంకొకరు కళ్లద్దాలు తీసి ముందు పెట్టుకున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు.

పెద్దాయన అలవాటు కొద్దీ పప్పుగుత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆమెను చూశాడు. ఆమె వెనక ఉన్న నన్ను చూశాడు. నేనేం చేసేది? నేనూ గమ్మునున్నాను.

"అమ్మా, ఇది మన చర్చల్లో ఎప్పుడూ ఉండే మౌనమా, నిన్నటి ఊరి మౌనమా?" అని అడిగాడాయన.

ఆమె దానికీ జవాబివ్వలేదు.

ఇంకో పెద్ద దేశం ప్రతినిధి అసహనంగా కదిలాడు. "అభ్యంతరాలు అడిగారు, ఎవరూ చెప్పలేదు. తేలిపోయినట్టే కదా" అన్నాడు.

"నిన్న నేనూ అట్లాగే అనుకుని కొళాయి తిప్పాను" అన్నాడు పెద్దాయన. అని, పప్పుగుత్తిని చప్పుడు కాకుండా బల్ల మీద పడుకోబెట్టి, ఆ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత మాటలు చాలా దూరం పోయాయి. ఇట్లా అయితే ఏ పనీ కాదని కొందరు, అడగకుండా చేస్తే చేసిందేదీ నిలవదని కొందరు. ద్వీపం ఆమె అప్పుడు నోరు విప్పింది. తుఫాను సంగతి చెప్పింది. ఢిల్లీలోనూ చెప్పిందే, కానీ ఈసారి విన్నారు. వంటాయన రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చి నా వైపు చూసి పోయాడు. ఎండ లోయ మీద నుంచి జరిగిపోయింది. ఎవరికీ గండికోట చూసే తీరిక లేకపోయింది. చివరికి రాసుకున్నది ఇదీ: ఈ దేశాల మధ్య తిరిగే ఏ కాగితానికైనా నోరు తెరిచి సరేనన్నవాళ్లే ఒప్పుకున్నట్టు, జవాబు రాని దేశాన్ని ఎవరైనా పలకరించి అడిగేదాకా ఆ కాగితం ఆగాలి. పప్పుగుత్తి దెబ్బ పడింది. ఆమె తల వంచుకుని కాగితాలు సర్దుకుంటోంది. వెనక నుంచి ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఎందుకో నాకు కళ్లు తడిశాయి.

ఇదేదో ప్రపంచాన్ని మార్చేసిందని నేను చెప్పను పిల్లలూ. పెద్ద చర్చల్లో ధనిక దేశాలు ఈ పద్ధతికి ఒప్పుకున్నాయో లేదో నాకు తెలియదు, పేపర్లలో ఇట్లాంటివి రాయరు. ఆమె నాన్న ఊళ్లో రేకులు పోయి కప్పులు పడ్డాయో లేదో కూడా తెలియదు, తెలుసుకోవాలని మాత్రం ఇప్పటికీ ఉంది. మా కుర్ర అధికారి మీద మాత్రం ప్రభావం కనిపించింది. ఆ తర్వాత ఏ ఊరికి వెళ్లినా, అరుగు మీద మాట్లాడేవాళ్లను వదిలేసి గడప దగ్గర నిలబడ్డవాళ్లను, "మీరేమంటారమ్మా?" అని అడిగేవాడు. కొన్నాళ్లకు అటు వెళ్లినప్పుడు సర్పంచికి ఈ సంగతంతా చెప్పాను. నీ వల్ల దేశాలు నియమం మార్చుకున్నాయి అన్నాను. "అట్నా?" అని, "సరే గానీ అక్కా, మాకు రెండో ట్యాంకు ఎప్పుడిస్తారంట?" అంది.

కానీ నాకు బాగా గుర్తుండిపోయింది ఆ సాయంత్రం బస్సు కదిలే ముందు జరిగింది. పెద్దాయనకు పప్పుగుత్తి మీద మనసు పడింది. జ్ఞాపకంగా తీసుకుపోతానని, అడిగి పెట్టమని నన్ను వెంటబెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఎనపకుండానే వడ్డించిన పప్పు గిన్నెల్లో ఇంకా మిగిలి ఉంది. ఆయన రెండు చేతులతో పప్పుగుత్తి పట్టుకుని, వంటాయనను నవ్వుతూ బతిమాలాడు. నేను తెలుగులో చెప్పాను. "ఈ సారు ఇది ఇంటికి తీసకపోతాడంటప్పా, ఇస్తావా?"

వంటాయన ఆయన్ను చూశాడు, పప్పుగుత్తిని చూశాడు. ఏమీ అనలేదు. చేటలో బియ్యం పోసుకుని ఏరడం మొదలుపెట్టాడు.

ఏదో ఒకటి సర్ది చెబుదామని నేను నోరు తెరిచాను. పెద్దాయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. చెప్పనక్కర్లేదన్నట్టు తల ఊపి, పప్పుగుత్తిని తీసుకెళ్లి గిన్నెల పక్కన జాగ్రత్తగా పెట్టేశాడు. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న ద్వీపం ఆమె పకపకా నవ్వింది. వచ్చిన రోజు నుంచి ఆమె నవ్వగా నేను వినడం అదే మొదలు.